చిన్న సినిమాకు డీఓపీగా వెళ్తున్నారా? కెమెరా కంటే ముందు అడగాల్సినవి

మీరు అడిగింది ఇది: పెళ్లి వీడియోలు చేస్తున్నారు, ఒక కొత్త డైరెక్టర్ తన చిన్న సినిమాకు డీఓపీగా, అంటే సినిమాటోగ్రాఫర్‌గా రమ్మన్నాడు, 20 రోజుల్లో షూటింగ్ అయిపోవాలి. ఏ కెమెరా అడగాలి, అసలు ఈ పనిలో ఏముంటుంది అని. నేను చాలాకాలంగా చిన్న సినిమాలకే పనిచేస్తున్నాను. కృష్ణానగర్ ఫ్లాట్లలో, వికారాబాద్ చుట్టుపక్కల, గోదావరి జిల్లాల పల్లెల్లో ఎక్కువగా తీశాను. ఆ అనుభవంతోనే చెప్తున్నాను.

ముందు కెమెరా సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీరు అనుకుంటున్నంత పెద్ద విషయం కాదది. సోనీ ఎఫ్‌ఎక్స్ 3 ఇస్తామంటే సంతోషంగా ఒప్పుకోండి. 2023లో వచ్చిన ‘ది క్రియేటర్’ అనే హాలీవుడ్ సినిమాను ప్రధానంగా ఈ కెమెరాతోనే తీశారు. బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ 6కె ఇచ్చినా ఇబ్బంది లేదు. ఖరీదైన అలెక్సా మినీ కెమెరా కావాలని పట్టుబడితే నిర్మాత తెచ్చి ఇవ్వొచ్చు, కానీ ఆ డబ్బు ఎక్కడో ఒకచోట తగ్గుతుంది. నేను చూసినంతలో అది తగ్గేది లైట్‌మెన్ దగ్గర, రోజుల దగ్గర. కెమెరా బాడీ కోసం వాదించే బదులు మంచి ఎన్‌డీ ఫిల్టర్ల (లెన్స్‌లోకి వచ్చే వెలుతురు తగ్గించే అద్దాల) సెట్ అడగండి. ఎఫ్‌ఎక్స్ 3లో లోపల ఎన్‌డీ లేదు. మన ఎండలో ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 800 దగ్గర, షటర్ సెకనులో 50వ వంతు పెట్టి, లెన్స్ ద్వారం ఎఫ్ 4లో ఉంచి తీయాలంటే దాదాపు 8 స్టాపుల వెలుతురు కోయాలి (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది). చౌకరకం ఫిల్టర్ అంత కోసేటప్పుడు ముఖాల మీద ఎర్రటి ఛాయ తెస్తుంది. డీఐలో, అంటే ఎడిటింగ్ అయ్యాక రంగులు సరిచేసే దశలో, అది పూర్తిగా పోదు.

మీ వాదన అంతా టైమ్ కోసం దాచుకోండి. ఈ సమాధానంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటానంటే అది ఈ మాట కావాలి. పెద్ద సినిమాలో సూర్యుడు ఎక్కడున్నా మధ్యాహ్నాన్ని సాయంత్రంలా చూపించేంత సామాను ఉంటుంది. మన దగ్గర సూర్యుడే పెద్ద లైటు. ఏ సీన్ ఏ పూట తీయాలో చెప్పే అధికారం డీఓపీకి ఉంటే, సగం లైట్లు లేకపోయినా సినిమా బాగుంటుంది. ఆ అధికారం లేకపోతే ఎంత మంచి కెమెరా అయినా ముఖం మీద కళ్ల కింద నల్లటి గుంటల్నే రికార్డు చేస్తుంది.

ఉదాహరణకు అరుగు మీద ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సీన్ ఉందనుకోండి. మన పల్లెల్లో తూర్పు ముఖం ఇళ్లు చాలా ఉంటాయి. పొద్దున ఎండ నేరుగా అరుగు మీద పడుతుంది, నటులు కళ్లు చికిలిస్తారు, స్తంభం నీడ కదులుతూ ఒక షాట్‌లో భుజం మీద, మరో షాట్‌లో ముక్కు మీద కనబడుతుంది. అదే సీన్ మధ్యాహ్నం రెండు తర్వాత పెట్టుకుంటే అరుగు మొత్తం నీడలో ఉంటుంది. ఆకాశం నుంచి, ఎదురుగా ఉన్న ఇంటి గోడ నుంచి మెత్తటి వెలుతురు వస్తుంది. సాయంత్రం దాకా అది పెద్దగా మారదు. ఒక తెల్ల థర్మాకోల్ షీట్ చాలు. వీధి మాత్రం ఎండలో వెలిగిపోతుంటుంది కాబట్టి ఫ్రేమ్‌ను గోడ వెంబడి గానీ, ఇంటి లోపలి వైపు గానీ పెట్టుకోవాలి. దీనికి పైసా ఖర్చు లేదు. షెడ్యూల్ వేసే రోజు మీరు ఆ గదిలో కూర్చుని ఉండాలి, అంతే.

లొకేషన్ ఎంపిక కూడా లైటింగే. పాత మండువా లోగిలి దొరికితే డైరెక్టర్‌ను ఒప్పించి తీసుకోండి. నడిమధ్య ఆకాశం తెరిచి ఉంటుంది, నాలుగు వైపులా వసారా. ఎండ నిలువుగా పడే గంట తప్పిస్తే, ఏ మూల కూర్చోబెట్టినా ముఖానికి ఒక పక్క నుంచి అందమైన వెలుతురు వస్తుంది, రెండో పక్క దానంతట అదే చీకటిగా ఉంటుంది. అద్దెకు తెచ్చిన లైట్లతో అది చేయాలంటే పూట పడుతుంది. ఫ్లాట్లలో అయితే గోడల రంగు చూడండి. ముదురు ఆకుపచ్చ, నీలం గోడలున్న చిన్న గదిలో ఆ రంగు ముఖాల మీదకు వస్తుంది. తెలుపు గోడలైతే వెలుతురు అన్ని వైపుల నుంచీ కొట్టుకొచ్చి ముఖం చదునుగా అయిపోతుంది. నేను నల్లగుడ్డలు ఎక్కువ తీసుకెళ్తాను. చిన్న గదుల్లో లైటు పెట్టడం కంటే వెలుతురు తీసేయడమే పెద్ద పని.

కరెంటు గురించి రెక్కీలోనే, అంటే షూటింగ్‌కు ముందు లొకేషన్ చూడటానికి వెళ్లినప్పుడే తేల్చుకోండి. చిన్న సినిమాకు ప్రతిరోజూ జనరేటర్ ఉండదు. ఇంట్లో మామూలు 5 ఆంపియర్ల ప్లగ్‌కు వెయ్యి వాట్లకు కాస్త ఎక్కువ, ఏసీ ప్లగ్‌కు మూడు వేల పైచిలుకు. ఆ లెక్కలోనే ఎల్‌ఈడీలు ఎంచుకోవాలి. గదిలో రెండు లైట్లు నిలబెట్టే బదులు ఒకే పెద్ద లైటు కిటికీ బయట పెట్టి, మధ్యలో డిఫ్యూజన్ (వెలుతురును మెత్తబరిచే గుడ్డ) కడితే నటులకు తిరగడానికి చోటు మిగులుతుంది, ప్రతి షాట్‌కూ స్టాండ్లు జరపక్కర్లేదు.

ఫ్లికర్ (వీడియోలో లైట్లు మినుకుమినుకుమనడం) సంగతి పెళ్లిళ్లు చేసినవారికి తెలిసే ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. సెకనుకు 24 ఫ్రేములు తీస్తూ షటర్ 180 డిగ్రీల దగ్గర వదిలేస్తే కొన్ని ట్యూబ్‌లైట్లు, చౌక ఎల్‌ఈడీ బల్బులు ఊపిరి తీసుకుంటున్నట్టు కనిపిస్తాయి. 172.8 డిగ్రీలు పెడితే షటర్ సరిగ్గా సెకనులో 50వ వంతు వస్తుంది, ఫ్లికర్ చాలావరకు పోతుంది. అయినా పోని బల్బులుంటాయి. అందుకే రెక్కీకి షూటింగ్ కెమెరానే తీసుకెళ్లి, ఇంట్లో లైట్లన్నీ వేసి రికార్డు చేసి చూడండి. పోనిది ఏదైనా ఉంటే అప్పుడే మార్పించండి.

రాత్రి సీన్లు చిన్న సినిమాలకు ఒకప్పుడు భయం, ఇప్పుడు కాదు. ఎఫ్‌ఎక్స్ 3లో రెండో బేస్ ఐఎస్‌ఓ 12800, అంటే తక్కువ వెలుతురులోనూ చిత్రం శుభ్రంగా వస్తుంది. వీధిలైటు, కిరాణా కొట్టు ట్యూబ్‌లైటు, బైక్ హెడ్‌లైటు కూడా పనికొస్తాయి. అయితే కెమెరాకు కనిపించినంత మాత్రాన చూడటానికి బాగున్నట్టు కాదు. వీధిలైటు నడినెత్తిన ఉంటే ముఖంలో కళ్లు ఉండవు. నటుణ్ని ఆ లైటుకు రెండు మూడు అడుగులు వెనక్కి జరపండి, వెలుతురు ముందు నుంచి వాలుగా పడుతుంది. చిన్న సినిమాలో సగం లైటింగ్ మనుషుల్ని జరపడమే.

ముఖాల గురించి కాస్త గట్టిగానే చెప్తాను. సెట్‌లో ఎవరో ఒకరు వచ్చి హీరోయిన్ ఇంకా తెల్లగా కనబడాలంటారు. దయచేసి లొంగకండి. మనవాళ్లలో ఎక్కువమందిది చామనఛాయ, అంతకన్నా ముదురు రంగు. ఆ చర్మం మీద పెద్ద మెత్తటి వెలుతురు పక్కనుంచి పడితే చెంప ఎముక మీద వచ్చే మెరుపు ఎంతో అందంగా ఉంటుంది. ఎక్స్‌పోజర్ పెంచి తెల్లబరిస్తే ఆ మెరుపు పోయి, ముఖం బూడిద రంగుకు తిరుగుతుంది, వెనక ఆకాశం కాలిపోతుంది. డైరెక్టర్‌కు టెస్ట్ షాట్‌లో రెండూ పక్కపక్కన చూపించండి. నేను ఎప్పుడు అలా చూపించినా మాట నెగ్గింది. మేకప్ చేసేవారితో కూడా ముందే మాట్లాడుకోండి. మెడకూ ముఖానికీ తేడా వస్తే ఇప్పటి కెమెరాలు దాచవు.

ఇక 20 రోజుల లెక్క. రెండు గంటల సినిమా అయితే రోజుకు ఆరు నిమిషాల సినిమా రావాలి. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు కాల్‌షీట్ అనుకున్నా టిఫిన్, భోజనం, లొకేషన్ మార్పు పోగా ఒక్కో నిమిషానికి గంటన్నర దొరకడం గగనం. అందుకే షాట్ డివిజన్ (సీన్‌ను ఏయే షాట్లుగా తీయాలనే విభజన) డైరెక్టర్‌తో కూర్చుని ముందే చేసుకోవాలి. ఒక వైపు చూసే షాట్లన్నీ పూర్తిచేశాకే కెమెరా తిప్పాలి. అవుట్‌డోర్ అయితే వైడ్ షాట్లు ముందు తీసేయాలి, ఎందుకంటే ఎండ మారితే వైడ్‌లో ఏమీ చేయలేం. క్లోజప్‌లకు నెత్తిన స్కిమ్మర్ (ఎండను మెత్తబరిచే పల్చటి గుడ్డ) పట్టించి మధ్యాహ్నం కూడా నెట్టుకురావచ్చు. పెళ్లిలో ప్రతిదీ తీసిపెట్టుకుని ఎడిటింగ్‌లో ఏరుకుంటాం, ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు. గింబల్ (కదిలేటప్పుడు కెమెరా కుదపకుండా ఉంచే పరికరం) కూడా అవసరమైన చోటే వాడండి. ట్రైపాడ్ మీద నిలకడగా పెట్టిన ఫ్రేమ్‌లో మంచి నటన రెండు నిమిషాలు నిలబడితే మీకు రెండు గంటలు మిగిలినట్టే.

పెళ్లిళ్లు మీకిచ్చిన బలం కూడా చిన్నది కాదు. ఉన్న వెలుతురులో నిమిషంలో నిర్ణయం తీసుకోవడం, ముఖంలో భావం వచ్చే క్షణాన్ని ముందే పసిగట్టడం మీకు వచ్చు. ఫిల్మ్ స్కూల్ నుంచి నేరుగా వచ్చేవారికి అది అలవడటానికి టైమ్ పడుతుంది.

తక్కువ డబ్బుతో మంచి సినిమా తీయడం ఈ కెమెరాలతో మొదలవలేదు. ‘గరమ్ హవా’ అనే పాత హిందీ సినిమా ఇషాన్ ఆర్యకు సినిమాటోగ్రాఫర్‌గా మొదటి ఫీచర్ ఫిల్మ్. కెమెరా ఒక మిత్రుడు ఇచ్చాడు. సౌండ్ రికార్డింగ్ పరికరాలకు డబ్బు లేక మాటలు రికార్డు చేయకుండా తీసి తర్వాత డబ్బింగ్ చెప్పించారు. అదే ఇషాన్ ఆర్యకు 1975లో వచ్చిన బాపు గారి ‘ముత్యాల ముగ్గు’తో జాతీయ అవార్డు దక్కింది. ఏది వదులుకోవాలో ముందే తేల్చుకుని, మిగిలినదాని మీద మనసు పెట్టడం నేను అక్కడినుంచే నేర్చుకున్నాను. మీరూ డైరెక్టర్‌తో ఆ మాట మొదటి వారంలోనే మాట్లాడుకోండి: డ్రోన్ వదులుకుందామా, జిమ్మీ (కెమెరా క్రేన్) వదులుకుందామా, పాట ఒకటి తగ్గిద్దామా?

మనుషుల విషయంలో మాత్రం ఏమీ వదులుకోకండి. మంచి ఫోకస్ పుల్లర్ (షాట్ నడుస్తుండగా ఫోకస్ మార్చే మనిషి) ఒకరు, పని తెలిసిన ఇద్దరు ముగ్గురు లైట్‌మెన్. ఆటోఫోకస్ ఉంది కదా అని మేనేజర్ అంటారు. ఇద్దరు మాట్లాడుతుంటే ఎవరి ముఖం మీద ఉండాలో, ఎప్పుడు మారాలో ఆటోఫోకస్‌కు కథ తెలియదు. డేటా కోసం కూడా ఒక మనిషి ఉండాలి. ఎఫ్‌ఎక్స్ 3లో మంచి క్వాలిటీ 4కెలో సెకనుకు 25 ఫ్రేములు తీస్తే గంటకు 110 జీబీ దాటుతుంది. రెండు హార్డ్‌డిస్కుల్లో కాపీ అయి, రెండూ తెరిచి చూశాకే కార్డు ఫార్మాట్ చేయాలి. ఆ రెండు డిస్కులూ రాత్రి ఒకే బండిలో వెళ్లకూడదు.

బండి అంటే గుర్తొచ్చింది. రాత్రి షూటింగ్ అయ్యాక లైట్‌మెన్‌ను, అసిస్టెంట్లను నిద్రమత్తులో బైక్‌ల మీద పంపనివ్వకండి. వారు మీ డిపార్ట్‌మెంట్, అడిగే బాధ్యత మీదే. లొకేషన్‌లోనే పడుకునే ఏర్పాటు గానీ, నిద్రపోయి లేచిన డ్రైవర్‌తో వ్యాన్ గానీ కాల్‌షీట్ ఇచ్చినప్పుడే ఖాయం చేయించండి. డీఓపీ గట్టిగా అడిగితే ప్రొడక్షన్ వింటుంది.

డబ్బుల విషయం మొహమాటం లేకుండా కాగితం మీద పెట్టండి. కొబ్బరికాయ కొట్టేముందు ఒక భాగం, సగం షెడ్యూల్‌కు ఒక భాగం, గుమ్మడికాయ కొట్టే రోజుకు ముందే మూడో భాగం. గుమ్మడికాయ కొట్టాక ఫోన్లు ఎత్తడం మానేసిన నిర్మాత దగ్గర నేను పనిచేశాను. లైట్‌మెన్‌కు రావాల్సినవి కూడా నెలల తరబడి ఆగాయి. అది మోసమని కాదు, రిలీజ్‌కు దాచిన డబ్బు కూడా అయిపోయి ఉంటుంది. కానీ ఇల్లు గడవాల్సింది వారికి కూడా. చివరి భాగాన్ని డీఐకి ముడిపెట్టండి, డీఐ గదిలో మీరు కూర్చుంటారని కూడా అదే కాగితంలో రాయించండి. మీరు లేకుండా గ్రేడింగ్ (రంగుల సవరణ) జరిగితే మీరు నీడలో ఉంచిన ముఖాలన్నీ వెలిగించేస్తారు.

ఒప్పుకునేముందు డైరెక్టర్‌ను ఒక్క ప్రశ్న అడగండి: రెక్కీకి నన్ను ఎన్ని రోజులు తీసుకెళ్తారు, ప్రతి లొకేషన్‌లో పొద్దున, సాయంత్రం రెండు పూటలా చూడనిస్తారా? ఇస్తామంటే డబ్బు కాస్త తక్కువైనా చేయండి. లొకేషన్‌కు వెళ్లాక చూసుకుందాం అంటే మాత్రం, కెమెరా ఏదైనా సరే, మరో అవకాశం కోసం ఆగండి.