మీరు అడగలేదు కదా

అల్లుడూ,

మొన్న ఆదివారం వచ్చి కాఫీ చల్లారిపోయేదాకా నీ ఇండ్ల బ్రోకరు పని గోడునంతా చెప్పుకున్నావు. మీ అత్త ముందర నేనేమీ మాట్లాడలేదు. మాట్లాడితే నాలుగు మాటలు నిష్ఠూరంగా వచ్చేస్తాయి. అందుకే రాస్తా ఉండా. వాట్సాప్‌లో పెడితే సగం చదివి బొటనవేలు బొమ్మ పంపుతావని కాగితం మీద రాస్తా ఉండా.

నువ్వు చెప్పింది మూడు ముక్కలు. ఎనిమిది సార్లు ఇల్లు చూపించిన పార్టీ నీ వెనకనుంచి పోయి ఓనరుతో మాట్లాడుకుని కమీషను ఎగ్గొట్టింది. ఇంకొక బేరం అడ్వాన్సు దాకా వచ్చి రిజిస్ట్రేషను కాడ చెడింది. మూడోది, కొనేవాళ్ళు నిన్ను దొంగను చూసినట్టు చూస్తా ఉండారు. మొదటి రెండూ ఎందుకు జరిగినాయో ఆ మూడోదాంట్లోనే ఉండాది.

ఈ పనిలోకి రాకముందు నేనూ కొనేవాడినే. 1994లో మన తిరుపతికి కొంచెం అవతల మూడు సెంట్ల సైటు కొన్నాను. స్కూటర్ మీద ఎక్కించుకుపోయి చూపించినాడు ఒక పెద్దమనిషి. సున్నం కొట్టిన హద్దురాళ్ళు, ఎర్రమట్టి రోడ్డు, దూరంగా కొండ. స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాసిచ్చినాడు. రెండేళ్ళకు రెవెన్యూవాళ్ళు వచ్చి ఇది డీకేటీ భూమి, అంటే సర్కారు పేదోళ్ళకు ఇచ్చిన భూమి, మీరెవరు అన్నారు. పరుగెత్తి పోయి ఆయన్ను నిలదీస్తే, టీ తాగుతా తాపీగా ఒక మాట అన్నాడు: "డీకేటీనా కాదా అని మీరు అడగలేదు కదా సార్!"

నిజమే, నేను అడగలేదు. ఆయన ఒక్క అబద్ధమూ ఆడలేదు. ఆ కాగితం ఇప్పటికీ ట్రంకుపెట్టెలో, మీ అమ్మ పెళ్ళిపత్రిక కింద ఉండాది. కావాలంటే వచ్చి చూడు.

తరవాత నేనే ఈ పనిలోకి దిగినాక ఒకటే పట్టు పట్టినాను. వాళ్ళు అడిగేదాకా ఆగకూడదు. ఇల్లు తాళం తీసేలోపలే చెడ్డదంతా చెప్పేయాల. దాంతో ఎన్ని బేరాలు పోయినాయో నాకు తెలుసు. కానీ రిజిస్ట్రేషను కాడ చెడిన బేరాలు మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

ముందు కాగితాల సంగతి. నువ్వు ఓనరు ఇచ్చిన జిరాక్సు కట్టను అట్లే పార్టీ చేతిలో పెడతా ఉండావు. ఒక్కసారన్నా విప్పి చదివినావా? ఈసీ, అంటే ఆ ఆస్తి మీద ఏమేం రిజిస్టరైనాయో చూపించే కాగితం, నువ్వే తియ్యి, ముప్పై ఏళ్ళది. రిజిస్ట్రేషన్ శాఖ సైట్లోనే సర్వే నంబరు కొట్టి, రిజిస్ట్రేషను చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఉండాదేమో చూడు. మన ఊళ్ళో ఇది మరీ ముఖ్యం. మఠం భూములు, దేవస్థానం భూములు, చెరువు పోరంబోకు, డీకేటీ, అన్నీ ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. ఒకే వీధిలో ఈ చివర ఇంటికి రిజిస్ట్రేషను అవుతాది, ఆ చివర ఇంటికి కాదు. శెట్టిపల్లిలో సైట్లు కొన్నోళ్ళు ఎన్నేళ్ళు తిరిగినారో నీకు తెలుసు కదా.

డీకేటీ గురించి ఇంకొక మాట. భూమిలేనోళ్ళకు సర్కారు ఇచ్చిన భూమిని అమ్మకూడదని 1977 చట్టం చెప్తాది. ఇచ్చి ఇరవై ఏళ్ళు దాటింటే అసలు పట్టాదారుడికి హక్కు వచ్చేటట్టు 2023లో దాన్ని మార్చినారు. అప్పటినుంచి ప్రతి ఒక్కడూ "ఫ్రీహోల్డ్ అయిపోయింది సార్" అని అమ్మజూపుతా ఉండాడు. ఆ మాట నమ్మొద్దు. ఆ నంబరు జాబితాలోంచి తీసేసినట్టు కాగితం ఉంటేనే చూపించు, లేకపోతే ఆ సైటు నీకొద్దు. జీపీఏ మీద, అంటే ఓనరు తరఫున సంతకం పెట్టే అధికారపత్రం మీద, అమ్ముతామనేవాళ్ళ సంగతీ అంతే. జీపీఏ ఇచ్చినంత మాత్రాన హక్కు మారదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది.

ఈసీలో కనపడనిది ఒకటి ఉండాది, ఆ ఇంటి ఆడబిడ్డల వాటా. నీ రెండో బేరం చెడింది యాడ? సరిగ్గా ఆడనే కదా. నాకూ ఇట్లే ఒకటి జరిగింది. ముగ్గురు అన్నదమ్ములు, పెద్దలనాటి ఇల్లు, బేరం తెగింది, రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో అందరం కూర్చోనుండాము. పుత్తూరునుంచి చెల్లెలు బస్సు దిగి వచ్చింది, చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. అన్న వేలిముద్ర వేసే చోటు చూపించినాడు. ఆమె సంచి కింద పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుని, నెమ్మదిగా అడిగింది: "నా వాటా పసుపుకుంకుమ కింద ఇచ్చేసినామంటా ఉండారే, అది యాడ రాసుండాది?" ఎవరూ మాట్లాడలేదు. ఎందుకంటే యాడా రాయలేదు. ఆ పొద్దు అందరం ఇండ్లకు పోయినాము.

తప్పు ఆ యమ్మది కాదు, నాది. బేరం మొదలుపెట్టకముందే ఆమె ఇంటికి పోయి ఒక పూట కూర్చోనుండాల. మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు వాటా 1985నుంచే ఉండాది, దేశమంతటికీ వచ్చింది 2005లో. పెద్దల ఆస్తి అయితే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తెప్పించు. అందులో ఉన్న ప్రతి ఆడబిడ్డతోనూ నువ్వే మాట్లాడు, అన్నదమ్ములను నమ్ముకోవద్దు.

కొలతల కాడ కూడా చాలా తగాదాలు వస్తాయి. మనకు అంకణం అంటే 36 చదరపు అడుగులు. నెల్లూరు వైపు పోతే అదే అంకణం 72. హైదరాబాదువాళ్ళకు గజాలు తప్ప ఏమీ తెలీదు. కాబట్టి ఎవరితో మాట్లాడినా ధర చెప్పేటప్పుడు సెంటుకెంత, గజానికెంత రెండూ చెప్పు. సెంటు అంటే 48.4 గజాలు, మనకు సుమారు పన్నెండు అంకణాలు. అపార్టుమెంటు అయితే ఇంకొక మోసముండాది. ఒక ఫ్లాటును పన్నెండు వందల అడుగులని అమ్ముతా ఉంటే నేను టేపు పెట్టి గోడ నుంచి గోడకు కొలిచినాను. ఎనిమిది వందల డెబ్బై వచ్చింది. మిగిలిందంతా మెట్లు, లిఫ్టు, వరండా. బిల్డరు చెప్పింది అబద్ధం కాదు, ఆయన్నూ ఎవరూ అడగలేదు, అంతే. నీ జోబీలో టేపు పెట్టుకో. కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపలి జాగా, ఎంత, భూమిలో వాటా ఎన్ని గజాలు, ఈ రెండూ నీ నోటినుంచే రావాల.

ఇంక నీళ్ళు. ఇక్కడ రెండు కథలు, నీళ్ళు రాకపోవడం, నీళ్ళు రావడం. 2021 నవంబరు నువ్వు మర్చిపోయుంటావు, నేను మర్చిపోలేదు. సగం ఊరు మునిగింది. శ్రీకృష్ణానగర్‌లో ఒకరింట్లో భూమిలో దించిన సంపు వరలు పైకి లేచి నిలబడినాయి. ఊరంతా పోయి చూసొచ్చింది. కొర్లగుంట, గొల్లవానిగుంట, తుమ్మలగుంట... పేర్లలోనే ఉండాది కదబ్బా, పెద్దోళ్ళు ఊరికే పెట్టినారా? అట్లని ఆడ ఇండ్లు కొనకూడదని కాదు. ఆ రెండురోజులూ ఆ వీధిలో నీళ్ళు ఎంతెత్తు వచ్చినాయో పక్కింటి ముసలమ్మను అడుగు. ఇల్లు అమ్మేవాళ్ళు గోడలకు కొత్త రంగు వేస్తారు కానీ గేటు కింది తుప్పు గీతను, తలుపు చట్రం అడుగున ఉబ్బిన చెక్కను మర్చిపోతారు. నేను చెప్పులు విడిచేటప్పుడే ఆ రెండూ చూసేస్తాను. పార్టీకి కూడా వేలు పెట్టి చూపిస్తాను. ఓనర్లు నన్ను తిట్టుకుంటారు, తిట్టుకోనీ.

బోరు ఎన్ని అడుగులు, మున్సిపల్ కుళాయి ఉందా, ఎండాకాలం ట్యాంకరు పిలిపిస్తారా... ఇవి ఓనరును అడిగితే లాభం లేదు. వాచ్‌మ్యాన్‌ను అడుగు.

డబ్బు లెక్క ఒకటి రాసిస్తా, గోడకు అంటించుకో. అరవై లక్షల ఫ్లాటు అనుకో. బ్యాంకు ఎనభై శాతానికి మించి ఇవ్వదు, అంటే 48 లక్షలు. చేతినుంచి 12. ఆడికే లెక్క అయిపోయిందనుకుంటారు అందరూ. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషను ఫీజు కలిపి ఏడున్నర శాతం, అంటే ఇంకా నాలుగున్నర లక్షలు, దానికి బ్యాంకు లోను ఇవ్వదు. నీ కమీషను ఒక శాతం, అరవై వేలు. అప్పుడే పదిహేడు దాటిపోయింది. పూర్తికాని బిల్డింగు అయితే జీఎస్టీ వేరే. ఇదంతా మొదటి రోజే చెప్తే సగంమంది జారిపోతారు. పోనీ. కొనలేనివాళ్ళు ముందే పోతే నీకు పెట్రోలు మిగులుతాది.

యాభై లక్షలు, ఆపైన అయితే కొనేవాడు ఒక శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే ఆదాయపు పన్ను, పట్టుకుని అమ్మేవాడి పాన్ మీద కట్టాల. ఆ సంగతి ఓనరుకు ముందుగా చెప్పకపోతే ఆఖరి రోజున "అరవై వేలు కొట్టేస్తా ఉండారు" అని లేచి నిలబడతాడు. ఓనరు అమెరికాలో ఉంటే ఆ ఒక్క శాతం లెక్క పనికిరాదు, చాలా ఎక్కువ పట్టాల్సి వస్తాది. ఆడిటరు దగ్గరికి తీసుకుపోయి తర్వాత బేరం మాట్లాడు. అడ్వాన్సు ఇరవై వేలు, ఆపైన నగదుగా ముట్టుకోవడం చట్టం ఒప్పుకోదు. మన ఊళ్ళో అందరూ ముట్టుకుంటారు, నువ్వు వద్దు.

వాస్తు గురించి ఎవరితోనూ వాదించొద్దు. దక్షిణం గుమ్మం వద్దనేవాళ్ళకు దక్షిణం గుమ్మం ఇల్లు చూపించడం నీ తప్పు. ఫోన్లోనే అడిగేసేయ్.

కొత్త వెంచర్లో సైట్లు అమ్మిపెడతానని ఒప్పుకున్నావంట, మీ అమ్మ చెప్పింది. రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ, ఇచ్చే నంబరు లేకుండా ఆ పని మొదలుపెట్టొద్దు. వెంచరుకు ఒక నంబరు, నీకు ఏజెంటుగా ఇంకొక నంబరు, రెండూ కావాల. నీది లేకపోతే రోజుకు పది వేల జరిమానా, అది అమ్మినదాని విలువలో ఐదు శాతం దాకా పోతాది. అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా పది శాతానికి మించి అడ్వాన్సు అడిగే వెంచరు అయితే బ్రోచరు ఎంత బాగున్నా దూరంగా ఉండు. "ఎయిర్‌పోర్టుకు పది నిమిషాలు" అని నీ ఫోటో పక్కన వేసినారు చూడు, ఆ పది నిమిషాలు బ్రహ్మోత్సవాలప్పుడు నువ్వే ఒకసారి బండి మీద పోయి చూడు.

ఇంక నీ కమీషను. కమీషను మాట తాళం తీయకముందే రావాల, తీసినాక అడిగితే అది అడుక్కున్నట్టు ఉంటాది. చిన్న స్లిప్పు పుస్తకం అచ్చు వేయించు: ఫలానా తేదీన ఫలానా ఇల్లు చూపించినారు, బేరం కుదిరితే ఇంత ఇస్తాము, సంతకం. ఓనరుతో కూడా అట్లే రాయించుకో. దీంతో ఎగ్గొట్టేవాళ్ళు మానేస్తారని కాదు. నాకు తెలిసిన ఒకాయన కమీషను ఎగ్గొట్టినవాళ్ళ గృహప్రవేశానికే పోయి గొడవ పెట్టుకున్నాడు. ఆకేసి పులిహోర పెట్టి పంపించినారు, అంతే వచ్చింది.

కానీ ఒకటి ఆలోచించు. ఆ ఎనిమిది సార్ల పార్టీకి నువ్వు ఏం చేసిపెట్టినావు? తాళంచెవి తిప్పినావు. తాళంచెవి ఓనరు దగ్గర కూడా ఉండాది కదా, ఇంక నువ్వెందుకు? ఈసీ నువ్వు తెచ్చి, చెల్లెలి సంతకం నువ్వు ఒప్పించి, బ్యాంకు లాయరు అడిగిన లింకు డాక్యుమెంటు (ఆ ఇంటి పాత దస్తావేజు) నువ్వు వెతికిచ్చింటే, వాళ్ళు నీ వెనక పోయి మాట్లాడుకున్నా మళ్ళీ నీకే ఫోను చేసేవాళ్ళు. నాకు అట్ల వెనక పోయి, సిగ్గుపడతా తిరిగొచ్చినవాళ్ళు ఉండారు. టీ ఇప్పించి, ఏమీ తెలీనట్టే పని చేసిపెట్టినాను.

ఇంకొకటి, "వేరే పార్టీ రెడీగా ఉండాది, రేపటికి ఉండదు" అనే మాట మానుకో. నిజంగా ఉంటేనే చెప్పు. నువ్వు ఫోన్లో ఆ మాట అంటా ఉంటే మొన్న నేను పక్కనే ఉండాను. నువ్వు వీధిలోకి చూస్తా చెప్పినావు.

వచ్చే ఆదివారం హైదరాబాదునుంచి రిటైరైన దంపతులు వస్తారన్నావు కదా, అలిపిరి రోడ్డు వైపు మూడో అంతస్తు ఫ్లాటు చూడటానికి. స్వామి పాదాల దగ్గర ఉండిపోదామని వచ్చేవాళ్ళు బాల్కనీలోంచి కొండ కనపడగానే చేతులు జోడించేస్తారు. ఆ తర్వాత ఇంకేమీ అడగరు, ధర కూడా సరిగా వినరు. కాబట్టి ముందురోజే పోయి మోటరు వేయించి అన్ని కుళాయిలూ తిప్పి చూడు, కరెంటు పోతే లిఫ్టుకు జనరేటరు ఉందో లేదో కనుక్కో. ఎదురుగా ఖాళీ సైటు ఉండాది, నేను పొద్దున నడకకు పోతా చూసినాను, పునాదులకు ముగ్గు పోసినారు. ఆడ నాలుగంతస్తులు లేస్తే కొండ కనపడదు. ఆ మాట వాళ్ళకు కింద గేటు కాడే చెప్పు, బాల్కనీ తలుపు తీసినాక కాదు.

మీ అత్త నిమ్మకాయ ఊరగాయ సీసా కట్టిపెట్టింది. నీ గొడుగు కూడా ఇక్కడే ఉండాది.

మీ మామ