మగ్గం గుంట తవ్వకముందు

చిరంజీవి స్రవంతికి, పెద్దమ్మ దీవెనలు.

పట్నంల కొలువిడిచి గట్టుప్పల్‌ల మగ్గం పెడుతున్నవని మీ అమ్మ ఫోన్ల చెప్పింది. సంబురమైంది బిడ్డా, కానీ రాత్రి నిద్ర పట్టలే. పడుగు, రంగులు, చిటికీలు నీకు ఒకరు చెప్పేది లేదు, మీ నాయిన పక్కన కూసుని నేర్చినవ్. లోను సంగతి మీ మామనడుగు. నేను రాసేది ఛాతి నొప్పి గురించి. నవ్వకు.

ఆసు పోస్తే, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తోని అటూ ఇటూ తిప్పితే, ఒక్క చీరకు చెయ్యి 9 వేల సార్లు పోయొస్తది. వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేకనే కదా శారాజీపేట మల్లేశం ఆసు మిషన్ కనిపెట్టింది, 2017ల పద్మశ్రీ తెచ్చుకున్నది. ఆ మిషన్ కొను, అప్పు చేసైనా కొను. భుజం నొప్పంటే అందరూ నమ్ముతరు. అదే రాపిడికి పక్కటెముకలు రొమ్ము బొక్కకు అతుక్కునే కాడ వాస్తే మాత్రం ఎవరికీ అర్థం కాదు. ఒక్కోసారి రోగం వెన్నుల ఉంటది, నరం పక్కటెముక పొంటి వచ్చి నొప్పి ముందల తేలుతది.

మా తోటికోడలుకు గదే అయింది. ఎడమ రొమ్ము పక్కన గుచ్చుడు. దగ్గినా, పక్కకు మళ్లినా, గట్టిగ ఊపిరి తీసినా ఎక్కువయ్యేది. ఊరి ఆరెంపీ గ్యాసని గోలీలిచ్చిండు. ఆఖరికి గుండె అని భయపడి నల్లగొండ తీస్కపోయి ఈసీజీ, రక్తపరీక్ష చేయిస్తే అన్నీ మంచిగనే ఉన్నయ్. డాక్టరమ్మ బొటనవేలితో బొక్క అంచున ఒక్కకాడ నొక్కింది, ఈమె కెవ్వుమన్నది. "పక్కటెముక అతుకమ్మా, గుండె కాదు. ఆసు ఆపి కాపడం పెట్టుకో" అన్నది. కొన్ని వారాలకు తగ్గింది.

తప్పు ఆడ కాదు, ఆ తర్వాత జరిగింది. ఆ ఇంట్ల వేలితో నొక్కి చూసుడే డాక్టరీ అయింది. ఎవరికి నొప్పొచ్చినా నొక్కుడు, "మగ్గం నొప్పే" అనుడు. ఒకనాడు పొద్దుగూకే యాళ్లకు ఆమె పెనిమిటికి, మా బావకు, ఛాతి నడుమ బండ పెట్టినట్టయింది. చెమటకు బనీను తడిసింది. దవడ గుంజుతున్నదన్నడు. ఆమె నొక్కింది, ఆయన అబ్బా అన్నడు. ఇంకేముంది, బాము రాసి ఇసుక మూటతోని కాపడం పెట్టి పండబెట్టిండ్రు. తెల్లారినంక ఆటోల తీస్కపోయిండ్రు. మనిషి బతికిండు గానీ గుండె కండ కొంత చచ్చిపోయింది. పన్నె కొట్టే చేతులు ఇయ్యాల అరుగు మీద కండెలు చుడుతున్నయ్, అదీ ఆయాసపడుకుంట. ఏండ్లకేండ్లు మగ్గం మీదున్నోళ్లకు నొక్కితే నొయ్యని బొక్క ఏదుంటదే? మగ్గం నొప్పి ఉన్నోళ్లకు గుండె నొప్పి రాదని ఎవడు రాసిచ్చిండు?

అందుకే చెప్తున్న. మొదటిసారి నొప్పొస్తే, అది ఏ నొప్పయినా, ఈసీజీ తీయించు. బరువెక్కినట్టయినా, చెమటలు పట్టినా, చేతికో దవడకో పాకినా నొక్కకు, ఎవర్నీ నొక్కనియ్యకు, 108కు ఫోన్ కొట్టు. మన ఆడోళ్లకు నొప్పి అంత తెల్వకుండ ఆయాసం, వాంతి వచ్చినట్టుండుడే ముందొస్తది ఒక్కోసారి. మీ అమ్మ "దిష్టి" అంటది. ఆమె మాట ఆ పూటకు వినకు, తర్వాత నేను మాట్లాడుకుంట.

ఇంకోటి, నీళ్లు. మన మునుగోడు, మర్రిగూడ దిక్కు ఫ్లోరైడు బోరు నీళ్లకు నడుములు వంగినోళ్లను చూస్తూ పెరిగినవ్. వెన్ను ఒక్కటే కాదు, పక్కటెముకల కీళ్లు బిగుసుకున్నోళ్లకు ఊపిరి తీస్తే ఛాతి లేవదు. పట్నం పోయొచ్చినవని మర్చిపోకు. తాగుడికీ వంటకూ నల్లా నీళ్లే, బోరు నీళ్లు వద్దు.

మీ నాయిన మగ్గం గుంట అట్లనే ఉంది కదా అనుకోకు. ఆయన ఎత్తుకు తవ్విన గుంట అది. నువ్వు దాంట్ల కూసుంటే కాళ్లందక ముందుకు జారుతవు, వీపు వంగుతది, ఏడాది తిరగకముందే నాకు ఫోన్ చేస్తవ్. గంటకోసారి లేచి చేతులు వెనక్కి చాపి ఛాతి విప్పు, సిగ్గేంది.

మేస్త్రిని ఆదివారం దాక ఆపు, నేనొస్త. మోకాలు నుంచి మడమ దాక ఎంతుందో మీ అమ్మతోని కొలిపించి రాసి పెట్టు.