పాప భూకంపాల చదువు చదువుతానంటోంది, పంపించాలా?

ప్రశ్న: మాది రాజాం. పాప ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. 2024 డిసెంబరులో ములుగు భూకంపం వార్తలు చూసిన దగ్గర్నుంచి, భూమి లోపల ఏ పగులు కదిలిందో కనిపెట్టే చదువే చదువుతానంటోంది. చుట్టాలంతా సీఎస్‌ఈ అంటున్నారు. మాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: పంపించండి. కాకపోతే పని ఎలా ఉంటుందో ముందు తెలుసుకోండి. సుత్తి పట్టుకుని కొండలెక్కడం తక్కువ, కంప్యూటర్ ముందు లెక్కలు ఎక్కువ.

మెరుపు మెరిశాక ఉరుము వినబడేదాకా అంకెలు లెక్కపెట్టి, పిడుగు ఎంత దూరంలో పడిందో చెప్పుకుంటాం కదా, ఇదీ అలాంటిదే. భూకంపంలో వేగంగా పోయే పి తరంగం ముందొస్తుంది, నెమ్మదిగా పోయే ఎస్ తరంగం వెనకొస్తుంది. మధ్యలో 20 సెకన్ల తేడా ఉంటే భూకంపం సుమారు 160 కిలోమీటర్ల దూరంలో వచ్చినట్టు. ప్రకంపనలను నమోదు చేసే నాలుగైదు స్టేషన్ల లెక్కలు కలిపితే చోటు, లోతు తేలతాయి. పెద్ద కుదుపు తర్వాత వచ్చే చిన్న ప్రకంపనలన్నిటినీ ఇలాగే మ్యాప్ మీద చుక్కలుగా పెడుతూ పోతే లోపలి పగులు ఆకారం బయటపడుతుంది. 2001 జనవరి 26న భుజ్‌ను కూల్చిన పగులు నేల పైదాకా రాలేదు. అది దక్షిణానికి వాలి ఉందని చూపించింది ఆ చుక్కలే. 2019 జులైలో కాలిఫోర్నియాలోని రిడ్జ్‌క్రెస్ట్‌లో 6.4, మర్నాడే 7.1 తీవ్రతతో భూకంపాలొస్తే, దాదాపు అడ్డంగా ఖండించుకునే రెండు పగుళ్లు తేలాయి. చుక్కలు రెండు మూడు కిలోమీటర్లు తప్పితే ఏ పగులు కదిలిందో చెప్పలేం. అంత ఓపిక కావాలి.

ఐఐటీ ఖరగ్‌పూర్, ధన్‌బాద్ ఐఎస్‌ఎంలలో ఇంటర్ తర్వాతే జియోఫిజిక్స్‌లో (భూమి లోపలి సంగతులను ఫిజిక్స్‌తో తెలుసుకునే చదువు, పాప అడిగేది ఇదే) చేరొచ్చు, దానికి జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాలి. లేదంటే మ్యాథ్స్, ఫిజిక్స్‌తో డిగ్రీ చేసి, పీజీలో జియోఫిజిక్స్ చదవడానికి విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీకి (ఏయూ) వెళ్లొచ్చు. ఆ తర్వాత యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్షతో జియలాజికల్ సర్వేలో ఉద్యోగం, పీహెచ్‌డీ చేస్తే హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) లాంటి చోట్ల పరిశోధన. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఇప్పుడే మొదలుపెట్టమనండి. అది ఇక్కడా తప్పదు, రేపు మనసు మారితే సాఫ్ట్‌వేర్‌కూ పనికొస్తుంది.

ఒక్క మాట దాచకుండా చెప్పాలి. సీఎస్‌ఈతో పోలిస్తే ఉద్యోగాలు తక్కువ. పరిశోధన వైపు వెళితే 27, 28 ఏళ్లదాకా చదువే. పాప సంపాదన కోసం ఇల్లు ఎదురుచూసే పరిస్థితి ఉంటే, ఆ సంగతి ఇప్పుడే తనతో కూర్చుని మాట్లాడండి.

మీకు విశాఖ దగ్గరే. ఒకరోజు పాపను ఏయూ జియోఫిజిక్స్ విభాగానికి తీసుకెళ్లి, అక్కడ చదివే పిల్లలతో మాట్లాడించండి. అప్లికేషన్ల సంగతి ఆ తర్వాత చూద్దాం.