వెన్నులో రాడ్ ఉన్న అమ్మాయికి

అమ్మాయీ,

"రిపోర్టులన్నీ నార్మల్ అంటున్నారు పెద్దమ్మా, మరి నొప్పెందుకు?" అని రాశావు. పదకొండేళ్లు నేనూ ఆ మాటే అడుగుతూ తిరిగాను. పదమూడో ఏట నా వెన్ను వంకరకి ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. ముప్పై దాటాక నడుం నొప్పి మొదలైంది. నాకు తెలిసింది డాక్టరీ కాదు, తిరిగి తిరిగి నేర్చుకున్నది.

ముందు నీ పాత ఆపరేషన్ నోట్స్ సంపాదించు. డిశ్చార్జి కాగితం చాలదు. ఏ పూస నుంచి ఏ పూస దాకా ఒకే ఎముకలా అతికి కలిపేశారు, రాడ్ ఏ రకం, ఏ లోహం, అతకడానికి ఎముక ఎక్కణ్ణుంచి తీశారు, అన్నీ నోట్స్‌లోనే ఉంటాయి. తుంటి నుంచి ఎముక తీస్తే ఒక్కోసారి ఆ చోటే ఏళ్ల తరబడి నొప్పి పెడుతుంది, దాన్నీ మనం నడుం నొప్పి కిందే జమకడతాం. నా ఫైలు పారేశామన్నారు. చివరికి అమ్మ బీరువా అడుగున ఒక పాత ఎక్స్‌రే దొరికితే, డాక్టర్ దాన్ని వెలుగులో పెట్టి చూసి "హారింగ్టన్ రాడ్" అనేశాడు.

1960ల నుంచి 1980ల దాకా ఎక్కువగా వేసింది అదే. తిన్నని కడ్డీ, రెండు చివర్లా కొక్కేలు. వంకరని లాగి పట్టేది బాగానే, కానీ కింది నడుం దాకా వేస్తే అక్కడ సహజంగా ఉండాల్సిన వంపు కూడా పోయేది. వంపు పోతే మనిషి ముందుకి ఒరుగుతాడు. పడిపోకుండా ఉండాలని మోకాళ్లు వంచి నిలబడతాడు, సాయంత్రానికి నడుం, తొడలు పీకేస్తాయి. నాకు జరిగింది ఇదే. అన్నేళ్లూ ఎవరికీ ఎందుకు కనపడలేదంటావా? ఎక్స్‌రేలన్నీ పడుకోబెట్టి తీశారు! తల నుంచి తుంటి దాకా, నిలబెట్టి, ఎదురుగా ఒకటీ పక్క నుంచి ఒకటీ తీసిన రోజున అందరికీ కనిపించింది. నువ్వు మాత్రం నోరు తెరిచి అడుగు: "నిలబెట్టి తీశారా?"

నీది నాలాంటిదే అనుకోకు. నీ కాలానికి కొక్కేల బదులు స్క్రూలొచ్చాయి. నీకు రాడ్ ఆగిన చోటికి కింద ఉన్న డిస్కు, అదే పూసల మధ్య మెత్త, అరిగి ఉండొచ్చు, ఎందుకంటే పైన కదలని వెన్ను భారమంతా దాని మీదే పడుతుంది. ఎక్కడో ఒక చోట ఎముక అతుక్కోకపోయి ఉండొచ్చు, స్క్రూ వదులై ఉండొచ్చు. అతుకు సంగతి సీటీ స్కాన్‌లో బాగా తెలుస్తుంది. ఎమ్మారైలో లోహం దగ్గర బొమ్మ చెదురుతుంది, స్టీలైతే టైటానియం కన్నా ఎక్కువ. అందుకే లోహం ఏదో ముందే తెలుసుకోమంటున్నాను.

పెద్దవాళ్ల వెన్ను వంకరలు చూసే సర్జన్ దగ్గరికే వెళ్లు. ఇంకొకరి అభిప్రాయం తీసుకుంటే మొదటాయన నొచ్చుకుంటాడేమో అని మొహమాటపడకు, నేను పడి రెండేళ్లు పోగొట్టుకున్నాను. "నొప్పిగా ఉంది" అనకు. ఎంతసేపు నిలబడితే వస్తుంది, పడుకుంటే తగ్గుతుందా, కాల్లోకి పాకుతుందా, రెండు వారాలు చిన్న పుస్తకంలో రాసి పట్టుకెళ్లు. "అంతా టెన్షన్" అని పంపించేస్తే పుస్తకం తెరిచి ముందు పెట్టు.

ఒకవేళ మూత్రం పట్టు తప్పినా, అసలు రాకపోయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, కాలు బలం తగ్గినా పుస్తకం సంగతి వదిలెయ్, ఆ గంటలోనే ఎమర్జెన్సీకి వెళ్లు.

కారణం దొరికిందంటే మళ్లీ కోయాలనేం లేదు. నేను రెండో ఆపరేషన్ వద్దన్నాను, అది మొదటిదానికన్నా పెద్దది. ఫిజియోథెరపీ, నొప్పి క్లినిక్, మధ్యాహ్నం అరగంట పడక, వీటితో నెట్టుకొస్తున్నాను. నొప్పి పోలేదు. ఎందుకో తెలిసింది కాబట్టి రాత్రిళ్లు భయం పోయింది.

నీ పాత ఎక్స్‌రేలు మీ అమ్మ దగ్గర ఉన్నాయేమో ఇవాళే అడుగు. ఇల్లు మారినప్పుడు అట్టపెట్టెల్లో సర్దిన గుర్తు నాకు.

పెద్దమ్మ