ప్రకటన చోటుకు ధర ఎలా పలుకుతుంది: మేనకోడలికి లేఖ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మిద్దె తోట గురించి నీవు రాస్తున్న బ్లాగుకు నెలకు 30,000 పేజీ వ్యూలు వస్తున్నాయని తెలిసి సంతోషించాను. బ్లాగుల్లో ప్రకటనలు వేసి డబ్బిచ్చే గూగుల్ సేవ యాడ్‌సెన్స్‌లో వెయ్యి పేజీ వ్యూలకు ఒకనాడు 46 రూపాయలు చూపిన ఆదాయం మర్నాడు 19కి ఎందుకు పడిపోయిందని, బ్లాగర్లు ఒకరి ప్రకటనలు ఒకరు వేసుకునే మార్పిడి నెట్‌వర్కులో చేరవచ్చునా అని, విత్తనాల కంపెనీ వారు నెలకు ఎంత తీసుకుంటారని అడిగితే ఏమి చెప్పాలని అడిగావు. మూడు ప్రశ్నలకూ మూలం ఒక్కటే. నీ పేజీలోని చోటుకు తనంతట తానుగా ధర లేదు. ఆ క్షణాన ఆ చోటును చూడబోయే మనిషి ఎవరికి ఎంత అవసరమో, ఆ అవసరం ఉన్నవారు ఎందరు పోటీకి వచ్చారో, దాన్నిబట్టే అది పలుకుతుంది.

మీ తాతయ్య ఒంగోలు దగ్గర పొగాకు పండించిన రోజుల్లో వేలం కేంద్రానికి ఆయన వెంట నేనూ వెళ్లేవాణ్ణి. బేళ్లను వరుసగా పేర్చేవారు. కంపెనీల కొనుగోలుదారులు ఒక్కొక్క బేలు దగ్గర ఆగి ఆకును చేత్తో నలిపి చూసి ధర చెప్పి ముందుకు సాగిపోయేవారు. ఒకే చేనులో ఒకే రోజున కోసిన ఆకు సోమవారం ఒక ధరకు, గురువారం వేరొక ధరకు పోయేది, ఎందుకంటే గురువారం నాడు ఇద్దరు కొనుగోలుదారులు తక్కువ వచ్చి ఉండేవారు. ఎవరూ ధర చెప్పని బేలును నోబిడ్ అని పక్కన పెడితే దాన్ని మళ్లీ ట్రాక్టరు మీదికి ఎక్కించుకుని ఇంటికి తెచ్చుకునేవాళ్లం. నీ పేజీ తెరుచుకున్న ప్రతిసారీ జరిగేది కూడా అటువంటి వేలమే, కాకపోతే సెకనులో పదో వంతు సమయంలో ముగిసిపోతుంది.

ఆ 46 రూపాయల రోజున దేశాలవారీ నివేదిక తెరిచి చూడు. చలికాలంలో కరివేపాకు కుండీని ఇంటి లోపల ఎలా కాపాడుకోవాలో నీవు రాసిన వ్యాసాన్ని అమెరికాలోని మనవాళ్లు పంచుకున్నారని నీవే రాశావు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కూర్చుని చదివే మనిషి కోసం అక్కడి బీమా సంస్థలు, బ్యాంకులు, దుకాణాలు పోటీ పడతాయి. అదే వ్యాసాన్ని కరీంనగర్‌లో చదివే మనిషి కోసం అంత పోటీ ఉండదు. రాత ఒకటే, చోటు ఒకటే, మారినది పాఠకుడు ఉన్న ఊరు. దానికి తోడు ఋతువు కూడా ఉంది. దసరా, దీపావళి ముందు ప్రకటనదారుల సంచులు విప్పి ఉంటాయి. పండుగలు దాటిపోయాక ముడి పడుతుంది. ఒక్క రోజు లెక్క చూసి ఉబ్బిపోవడమూ, కుంగిపోవడమూ రెండూ వృథా. నెల సగటు మాత్రమే లెక్కలోకి తీసుకో. నీవు పంపిన అంకెల ప్రకారం నీ సగటు 32 రూపాయలు, అంటే నెలకు 960.

ఇక లెక్కలో ఉన్న మెలికలు. వెయ్యి వీక్షణలకు ప్రకటనదారు ఇచ్చే ధరను సీపీఎం అంటారు. ఇందులోని చివరి అక్షరం రోమన్ల వెయ్యికి గుర్తు. క్లిక్కుకు ఇంత అని ఇచ్చేది సీపీసీ. ఈ రెండు రకాల వారూ ఒకే వేలంలో పోటీ పడాలంటే ఇద్దరినీ ఒకే కొలతలోకి తేవాలి కనుక, క్లిక్కు ధరను క్లిక్కు పడే అవకాశంతో గుణించి వెయ్యికి లెక్క కడతారు. క్లిక్కుకు 10 రూపాయలు ఇస్తానన్నవాని ప్రకటనను వెయ్యి మందిలో ఒక్కరే నొక్కితే వెయ్యి వీక్షణలకు అతని విలువ 10 రూపాయలే. క్లిక్కుకు 4 రూపాయలే ఇస్తానన్న గ్రో బ్యాగుల వ్యాపారి ప్రకటనను వెయ్యి మందిలో ఐదుగురు నొక్కితే అతని విలువ 20 రూపాయలు, వేలం అతనిదే. పెద్ద ధర చెప్పినవాడు ఓడిపోయి చిన్న ధర చెప్పినవాడు గెలవడం చూసి అన్యాయం జరిగిందనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు, నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. నీకు డబ్బు చేరే పద్ధతి కూడా 2024 ఆరంభం నుంచి మారింది. యాడ్‌సెన్స్ అప్పటి నుంచి క్లిక్కులను కాక వీక్షణలను ప్రాతిపదికగా తీసుకుని చెల్లిస్తున్నది. కనుక క్లిక్కులు తగ్గాయే అని బెంగ పెట్టుకోకు.

గెలిచినవాడు ఎంత చెల్లిస్తాడన్నది వేరే ప్రశ్న. ముగ్గురు వెయ్యికి 120, 90, 60 రూపాయల చొప్పున పాడారనుకో. పాత పద్ధతిలో మొదటివాడు గెలిచి రెండోవాని ధర, అంటే 90కి కాస్త పైన మాత్రమే ఇచ్చేవాడు. పెద్ద సైట్లు తమ చోట్లను అమ్ముకునే గూగుల్ యాడ్ మేనేజర్ 2019లో, యాడ్‌సెన్స్ 2021లో ఈ పద్ధతిని వదిలి, పాడినవాడు పాడినంతా చెల్లించే వేలానికి మారాయి. దీనితో ప్రచురణకర్తలకు, అంటే నీవంటి చోటు అమ్మేవారికి, 30 రూపాయలు కలిసి వచ్చాయని అప్పట్లో కొందరు మురిసిపోయారు. కొనేవాడు అంత అమాయకుడు కాడు. తాను చెప్పినంతా చెల్లించవలసి వస్తుందని తెలిసిన మరుక్షణం నుంచి తన యంత్రం చేత 120 బదులు 95 అనిపిస్తున్నాడు. యాడ్ మేనేజర్ వంటి చోట్ల కనీస ధర పెట్టుకునే వీలుంది, అయితే దాన్ని మరీ పైన పెడితే నోబిడ్ బేళ్లు మిగులుతాయి. నీ స్థాయికి ఆ ఖాతా ఇంకా అవసరం లేదు.

పలికిన ధరంతా నీకు రాదు. ప్రకటనదారు గూగుల్ యాడ్స్ ద్వారా 100 రూపాయలు ఖర్చు పెడితే కొనుగోలు వైపు సగటున 15 పోగా మిగిలిన 85లో 80 శాతం నీది, అంటే 68 రూపాయలు. గూగుల్ తన వాటా వివరాలు మొదటిసారి వెల్లడించిన 2010 నుంచీ వ్యాసాల పక్కన వచ్చే ప్రకటనలకు ఈ 68 అంకె దాదాపుగా అలాగే ఉంది. మధ్యవర్తులు ఎక్కువైన చోట పరిస్థితి ఇంతకన్నా అన్యాయం; బ్రిటన్‌లో ప్రకటనదారుల సంఘం 2020లో వెలువరించిన పరిశీలనలో ప్రకటనదారు పెట్టిన డబ్బులో ప్రచురణకర్తకు చేరినది 51 శాతమని, 15 శాతం ఎవరి చేతిలోకి పోయిందో ఆనవాలు దొరకలేదని తేలింది. కొత్త నెట్‌వర్కు ఏదైనా నీకు గొప్ప సీపీఎం ఆశ చూపితే, అది వాటా తీయక ముందరి అంకెనా, తీసిన తరువాతి అంకెనా అని మొదట అడుగు. నివేదికలో కనిపించేది అంచనా ఆదాయమే, చెల్లని క్లిక్కులను తీసివేశాక నెలాఖరున ఖరారవుతుంది. ఖాతాలో 100 డాలర్లు నిండితే గాని పంపరు కనుక నెలకు 960 రూపాయల చొప్పున మొదటి చెల్లింపుకు చాలాకాలం ఓపిక పట్టాలి.

మార్పిడి నెట్‌వర్కు గురించి కొంచెం విస్తరంగా చెబుతాను, ఎందుకంటే ఇందులో నా చేతులు కాలాయి. ఇది కొత్త ఆలోచన కాదు. 1996లో మొదలైన లింక్‌ఎక్స్‌ఛేంజ్ అనే మార్పిడి నెట్‌వర్కులో నీ సైటులో ఇతరుల బ్యానర్లు, అంటే ప్రకటన బొమ్మలు, రెండు చూపితే నీ బ్యానరు ఒకసారి ఇతరుల సైటులో కనిపించేది. మిగిలిన సగాన్ని ఆ సంస్థ డబ్బిచ్చే ప్రకటనదారులకు అమ్ముకునేది. 1998లో మైక్రోసాఫ్ట్ దాన్ని 26.5 కోట్ల డాలర్లకు కొన్నది. ఉచితంగా ఇచ్చుకున్న ఆ సగం చోట్ల విలువ ఎంతో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

నేను బ్లాగు రాయడం మొదలుపెట్టిన కాలంలో చేరిన నెట్‌వర్కులో డబ్బు బదులు క్రెడిట్లు ఉండేవి. ఇతరుల బ్లాగుకు వెళ్లి అక్కడున్న చిన్న చతురస్రాన్ని నొక్కితే ఒక క్రెడిట్ జమ అయ్యేది. ఏదైనా బ్లాగులో నా ప్రకటన ఒక రోజు కనపడాలంటే 2 క్రెడిట్లు. అప్పటికే ఒకరు వరుసలో ఉంటే 4, ఇద్దరుంటే 8, ముగ్గురుంటే 16, ఇలా రెట్టింపవుతూ పోయేది. ధర నిర్ణయించే పద్ధతిగా చూస్తే అది ముచ్చటైనదే, గిరాకీ ఎంతో వరుస చూడగానే తెలిసిపోయేది. లోపం క్రెడిట్ పుట్టే చోట ఉంది. రోజూ రాత్రి భోజనం కాగానే కూర్చుని రెండు వందల బ్లాగులు తెరిచి, చదవకుండా, నొక్కి మూసేవాణ్ణి. మీ అత్తయ్య అది చూసి నేనేదో చీట్ల పేకలో పడ్డాననుకున్నది. నా బ్లాగు గణాంకాలు వారంలో నాలుగింతలయ్యాయి. తీరా చూస్తే వచ్చినవారు నిలిచిన సమయం ఐదారు సెకన్లు, ఒక్క వ్యాఖ్య లేదు. వాళ్లూ నాలాగే భోజనం చేసి కూర్చున్నవారే. అదే రోజుల్లో తెలుగు బ్లాగుల కొత్త రాతలను ఒకచోట చూపిన కూడలి, జల్లెడ వంటి సంకలినుల నుంచి రోజుకు ఇరవై ముప్పై మందే వచ్చినా, వాళ్లు చదివి, తప్పులు దిద్ది, పోట్లాడి మరీ వెళ్లేవారు.

నీకు వచ్చిన ఆహ్వానంలో రెండుకు ఒకటి లెక్కే ఉంది. నీ పేజీలో కింది చోటుకు వేలంలో వెయ్యికి 8 రూపాయలు వస్తున్నాయన్నావు. రెండు వేల వీక్షణలు వాళ్లకిస్తే 16 రూపాయలు వదులుకుని ఇతర బ్లాగుల్లో వెయ్యి వీక్షణలు కొన్నట్టు. వెయ్యికి ఒకరు నొక్కితే ఒక్క మనిషి రాకకు 16 రూపాయలు పడింది. మొక్కల మీద ప్రేమ ఉన్న బ్లాగులు మాత్రమే ఉన్న నెట్‌వర్కు అయితే ఇది పరవాలేదు. జీతం పడేలోపు ఇచ్చే చిన్న అప్పులు, జాతకాలు, మొబైల్ ఆటలు కలగలిపిన నెట్‌వర్కు అయితే వద్దు. క్రెడిట్ల కోసం క్లిక్కులు చేయించే నెట్‌వర్కైతే అసలే వద్దు, ఎందుకంటే అటువంటి క్లిక్కుల మార్పిడిని యాడ్‌సెన్స్ నియమాలు నిషేధిస్తాయి, ఉన్న ఖాతా కూడా పోవచ్చు.

ఒక పేజీకి ప్రకటనల చోట్లు ఆరుకు పెంచుదామా అన్నావు. మూడు చాలు. ప్రకటనలో కనీసం సగం భాగం ఒక సెకను పాటు తెరపై ఉంటేనే అది కనబడినట్టు లెక్క, అదే ఈ రంగంలో అందరూ ఒప్పుకున్న కొలత. అట్టడుగున ఎవరూ చేరని చోట పెట్టిన ప్రకటన ఆ లెక్కకు రాదు, పైగా నీ చోట్లన్నింటి సగటునూ దిగలాగుతుంది.

విత్తనాల కంపెనీ వారికి చెప్పవలసిన ధరకు ఆధారం ఇప్పుడు నీ చేతిలోనే ఉంది. వారు అడిగినది పై చోటు, నెలంతా. నీ 960లో సగం, అంటే 480, ఆ ఒక్క చోటు నుంచే వస్తున్నదనుకుందాం; అంతకంటే తక్కువకు ఒప్పుకుంటే నష్టం. అయితే అక్కడ ఆగకు. వేలంలో నీ చోటును కొనేవానికి నీ పాఠకుడు ఎవరో అంచనా మాత్రమే. కంపెనీవారికి మాత్రం బెండ విత్తనాలు ఎప్పుడు నాటాలో వెతుక్కుంటూ వచ్చిన మనిషి అని ఖాయంగా తెలుసు. మధ్యలో వాటా తీసేవారు కూడా లేరు. నెలకు 1,500 అడుగు. 30,000 వీక్షణలకు అది వెయ్యికి 50 రూపాయలు. వెయ్యిలో ఐదుగురు నొక్కితే 150 మంది, ఒక్కో మనిషి వారికి 10 రూపాయలకు పడతాడు. ఈ లెక్కను కాగితం మీద వేసి వారి ముందు పెట్టు, బేరం మర్యాదగా సాగుతుంది. 1,200 వరకు దిగవచ్చు. మూడు నెలలు కలిపి తీసుకుంటే ఒక నెల ధరలో సగం తగ్గిస్తానని నీవే ముందుగా చెప్పు, విత్తనాలకు జూన్, జూలై గిరాకీ కాలం కనుక ఆ రెండు నెలలూ ఆ మూడింటిలో పడేలా చూసుకుంటారు. అప్పటి ధర వేరని చెప్పే అవకాశం నీకు దొరుకుతుంది.

ఇది డబ్బు తీసుకుని పెట్టిన లింకు అని సెర్చ్ ఇంజిన్లకు తెలిపే స్పాన్సర్డ్ గుర్తును లింకుకు పెట్టు, పైన ప్రకటన అని తెలుగులో రాయి. నీ వ్యాసంలో వారి విత్తనాలను మెచ్చుకోవాలని అడిగితే అది వేరే పని, దానికి ఈ ధరలో చోటు లేదని చెప్పు. డబ్బు ఖాతాలో పడ్డాకనే ప్రకటన పెట్టు. శుక్రవారం లోపు వారికి జవాబివ్వాలన్నావు కనుక, గత మూడు నెలల దేశాలవారీ నివేదికను, చోట్లవారీ నివేదికను బుధవారానికల్లా నాకు పంపితే, ఆ 480 నిజంగా 480 అవునో కాదో ఇద్దరం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మామయ్య