పొలం, విత్తనం పోలిక వదిలేయ్

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. మన శరీరంలో పిల్లలు పుట్టే ఏర్పాటు ఎలా పనిచేస్తుందో తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు సంతోషం. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు ఆ పాఠం దగ్గరికి రాగానే మా సైన్సు మాస్టారు "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీలు తిప్పేశారు. తర్వాత నేనే టీచరునయ్యాక చూస్తే, సరిగ్గా ఆ పాఠం చెప్పేటప్పుడే నా గొంతూ తగ్గిపోయేది. ఇప్పుడు నీ తప్పులు పడుతున్నానంటే, వాటిలో సగం నేనూ చేసినవే.

మొదటి పేరాతోనే నాకు పేచీ. "పురుషుడు విత్తనం, స్త్రీ పొలం" అని మొదలుపెట్టావు. మనవాళ్ళకు తేలిగ్గా ఎక్కుతుందని రాసి ఉంటావు. ఎక్కుతుంది, అదే బాధ. ఆ పోలికలో బిడ్డ మొత్తం తండ్రిది, తల్లిది చోటు మాత్రమే. చిత్రమేమిటంటే, వరసగా ఆడపిల్లలు పుడితే మాత్రం ఎవరూ విత్తనాన్ని తిట్టరు, పొలాన్నే తిడతారు.

అసలు విత్తనం ఎలా వస్తుందో గద్వాల వైపు వెళ్ళి పత్తి విత్తనాలు పండించే వాళ్ళను అడుగు. సాయంత్రం ఆడ మొక్కల వరసలో మొగ్గ విప్పి కేసరాలు, అంటే పుప్పొడి ఇచ్చే మగ భాగాలు, ఒలిచేస్తారు. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దానికి రుద్దుతారు. ఆ తర్వాత కాయ కట్టి, అందులో విత్తనం తయారవుతుంది. అంటే విత్తనం అయ్యేసరికే అది ఇద్దరిదీ. మగవైపు నుంచి వచ్చింది పుప్పొడి. నీకు సేద్యం పోలికే కావాలంటే అది వాడు. తల్లిదండ్రుల పోలికలు మోసే పోగులు క్రోమోజోములు. శుక్రకణంలో 23, అండంలో 23. ఇక్కడ ఇద్దరూ సమానం. ఆ పైన, మొదటి రోజుల్లో పిండం బతకడానికి కావలసిన సరుకంతా అండంలోదే. అందుకే అది మన ఒంట్లో అన్నిటికంటే పెద్ద కణాల్లో ఒకటి, మిల్లీమీటరులో పదో వంతు. మంచి కళ్ళున్నవాళ్ళకు చుక్కలా ఆనవచ్చు. శుక్రకణాన్ని చూడాలంటే మైక్రోస్కోపు కావాల్సిందే. ఆడో మగో తేల్చే ఎక్స్, వై క్రోమోజోముల తేడా మాత్రం శుక్రకణంలోనే ఉంటుంది. ఈ ఒక్క వాక్యం స్పష్టంగా రాయి, కొన్ని ఇళ్ళలో పనికొస్తుంది.

రెండో పేరాలో "కోట్ల మంది సైనికుల పరుగుపందెం" అన్నావు. సినిమా ట్రైలర్‌లా ఉంది, నిజంలా లేదు. అప్పుడే బయటికొచ్చిన శుక్రకణం అండంలోకి వెళ్ళలేదు. స్త్రీ శరీరంలో కొన్ని గంటలు గడిపి, పైపొరలో మార్పులు జరిగాకే దానికి ఆ శక్తి వస్తుంది. 1951లో అమెరికాలో చాంగ్, ఆస్ట్రేలియాలో ఆస్టిన్ ఎవరికి వారు ఈ సంగతి కనిపెట్టారు. గర్భసంచి ముఖద్వారంలోని జిగురు నెలలో చాలా రోజులు చిక్కగా ఉండి దారి మూసేస్తుంది, అండం విడుదలయ్యే రోజుల్లో గుడ్డు తెల్లసొనలా పలచబడి దారి ఇస్తుంది. లోపలికి చేరాక గర్భసంచి కండరాల కదలికే వాటిని పైకి తోస్తుంది. కోట్లలో బయల్దేరినవి గర్భసంచి నుంచి అండాశయం వైపు వెళ్ళే ట్యూబు దాకా వచ్చేసరికి వందల్లో మిగులుతాయి. ఇందులో పందెం ఎక్కడుంది, గెలిచిన వీరుడు ఎక్కడున్నాడు?

ఇక మాటల సంగతి. నువ్వు "ముష్కాలు", "స్త్రీబీజకోశాలు", "పౌరుషగ్రంథి" అని పాఠ్యపుస్తకం మాటలన్నీ దించావు. బస్టాండులో కూర్చుని చదివేవాడికి వీటిలో ఒక్కటీ తగలదు. మన భాషలో ఒక తమాషా ఉంది. మంత్రసాని చేతికి తగిలినవాటన్నిటికీ అచ్చంగా మన మాటలున్నాయి: మాయ, ఉమ్మనీరు, బొడ్డుతాడు, నొప్పులు, కాన్పు. చేతికందని అండాశయానికి, అంటే అండాలు ఉండే చోటికి మాత్రం పల్లెలో పేరు లేదు. ఉన్నచోట ఉన్న మాట వాడు, గర్భసంచి అను. వృషణాలను పెద్దవాళ్ళు మర్యాదగా "బీజాలు" అంటారు, వరిబీజం అనే మాట కూడా అలా వచ్చిందే. ఒకసారి "వృషణాలు, అంటే బీజాలు" అని చెప్పేసి ముందుకు వెళ్ళు. అండాశయం, ప్రొస్టేట్ (నువ్వు రాసిన పౌరుషగ్రంథి) లాంటివి స్కానింగ్ రిపోర్టుల పుణ్యమా అని జనానికి ఎలాగూ తెలుస్తున్నాయి.

మగవాళ్ళ భాగం నాలుగు వాక్యాల్లో తేల్చేశావు. అక్కడ చెప్పడానికి చాలా ఉంది. బీజాలు పొట్టలో కిడ్నీల దగ్గర మొదలై, పుట్టే లోపు కిందికి దిగుతాయి. అందుకే కిడ్నీలో రాయి కదిలితే నొప్పి బీజాల్లోకి లాగుతుంది. శరీరం వేడి కంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటేనే అక్కడ శుక్రకణాలు తయారవుతాయి, కాబట్టి బీజాలుండే సంచి ఒంటికి బయట వేలాడుతుంది. ఒక శుక్రకణం తయారై బయటపడే స్థితికి రావడానికి రెండున్నర, మూడు నెలలు పడుతుంది. తయారయ్యాక అవి ఎపిడిడిమిస్ అనే మెలికల గొట్టంలో ముదురుతాయి. ఆ గొట్టాన్ని విప్పి పరిస్తే ఆరు మీటర్లు, ఒక చీర పొడవు. అక్కడి నుంచి శుక్రవాహిక అనే గొట్టం పొట్టలోకి ఎక్కి, మూత్రాశయం వెనక నుంచి తిరిగి, ప్రొస్టేట్ గుండా మూత్రనాళంలో కలుస్తుంది. ఈ చుట్టుదారిని వేలితో చూపిస్తున్నట్టు రాయి.

బస్టాండు గోడల మీద లాడ్జి రూమ్ నంబరుతో పోస్టర్లు చూశావు కదా, "ధాతు నష్టం, నరాల బలహీనత" అని. వాళ్ళ వ్యాపారమంతా ఒక్క నమ్మకం మీద నడుస్తుంది: నలభై చుక్కల రక్తం ఒక చుక్క వీర్యమని. వీర్యంలో చాలా భాగం శుక్రాశయాలనే గ్రంథులు, ప్రొస్టేట్ విడిచే ద్రవమే. శుక్రకణాలు అందులో అయిదు శాతం కూడా ఉండవు. ఉమ్మి ఊరినట్టు అది ఊరుతుంది, పోతుంది, మళ్ళీ ఊరుతుంది. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు నిద్రలో బట్టలు తడిశాయని రాత్రంతా టెన్షన్ పడతాడు. వాడి కోసం రెండు వాక్యాలు కేటాయించు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. కొత్తల్లో ఒక పత్రికలో ఆరోగ్య శీర్షిక రాసేదాన్ని. "నెలసరి మొదలైన 14వ రోజు అండం విడుదలవుతుంది" అని రాశాను. కొన్ని నెలల తర్వాత ఒక ఉత్తరం వచ్చింది, ఇన్లాండ్ కవరు మీద గుండ్రటి అక్షరాలు. ఆమెకు నెలసరి 35 రోజులకు వస్తుందట. నేను చెప్పిన లెక్క ప్రకారం ఏడాదిగా 14వ రోజు కోసమే చూస్తున్నారట, భర్తది వేరే ఊళ్ళో ఉద్యోగం. అసలు లెక్క వెనక నుంచి. అండం విడుదలయ్యాక తర్వాతి నెలసరికి దాదాపు 14 రోజులు పడుతుంది, తేడా వచ్చేది ఎక్కువగా ముందు సగంలోనే. 28 రోజుల ఆమెకు 14వ రోజు సరే, 35 రోజుల ఆమెకు అది 21 దగ్గర. అండం బతికేది ఒక రోజు లోపే, శుక్రకణాలు మాత్రం అయిదు రోజుల దాకా ఉండగలవు. ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గరుంది. నీ వ్యాసంలో కూడా అదే "14వ రోజు" కనబడేసరికి చేతిలో పెన్సిల్ విరిగినంత పనైంది.

నెలసరిని "చెడు రక్తం" అన్నావు, కొట్టేశాను. బిడ్డ కోసం గర్భసంచి లోపల పరుచుకున్న పొర, బిడ్డ రాకపోతే రాలిపోతుంది. సగటున 30, 40 మిల్లీలీటర్ల రక్తం. అది ఒంట్లోని మామూలు రక్తమే.

నువ్వు అసలు తాకని చోటు ఒకటుంది, వ్యాసానికి గుండెకాయ అదే అంటాను. మన ఇళ్ళలో ఈ అవయవాల ప్రస్తావన వచ్చేదే ఆపరేషన్లప్పుడు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినవాళ్ళు. మగవాళ్ళ ఆపరేషన్ ఒక్క శాతం కూడా లేదు. పొట్ట కోసే పని లేని చిన్న ఆపరేషన్‌కి మగవాళ్ళు ముందుకు రారు, బలం పోతుందని భయం. శుక్రవాహిక కత్తిరించినా ద్రవం ఎప్పటిలాగే వస్తుంది, మగ హార్మోను బీజాల నుంచి నేరుగా రక్తంలోకి వెళ్ళిపోతుంది కాబట్టి దానికేమీ కాదు. అయితే దారిలో మిగిలిన కణాలు పోవడానికి మూడు నెలలు ఆగి, పరీక్ష చేయించుకోవాలి. ఈ ముక్క రాయకపోతే నీ మీద నేరం వస్తుంది.

ట్యూబులు కట్టించుకున్న ఆడవాళ్ళలో చాలామంది "నా గర్భసంచికి ఆపరేషన్ చేశారు" అంటారు. సంచి జోలికే వెళ్ళరు. అండం నెలనెలా విడుదలవుతుంది, దారి లేక ఒంట్లోనే ఇంకిపోతుంది, నెలసరి వస్తుంది. నిజంగా సంచి తీయించుకున్న వాళ్ళూ మన రెండు రాష్ట్రాల్లో తక్కువేం కాదు, దేశంలోనే ముందు వరసలో ఉన్నాం. వాళ్ళను "అండాశయాలు ఉంచారా, తీసేశారా?" అని అడిగితే తెల్లమొహం వేస్తారు. ఉంచితే నెలసరి ఆగుతుంది గానీ హార్మోన్లు వస్తూనే ఉంటాయి. రెండూ తీసేస్తే ముప్ఫై అయిదేళ్ళకే ఒంట్లో ఆవిర్లు, ఎముకల నీరసం. పిడికిలంత సంచి, దానికి అటూ ఇటూ బాదంకాయంత అండాశయాలు, మధ్యలో నాలుగైదు అంగుళాల ట్యూబులు. వేటికవి వేరని తెలిస్తే ఆమె డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టుకుని ఆ ప్రశ్న తనే అడుగుతుంది.

ఇంకొకటి, బొమ్మ. నువ్వు పెట్టింది ఎదురుగా నిలబెట్టి చేతులు చాపినట్టుండే ఆ పాత బొమ్మే. పక్క నుంచి చూసే బొమ్మ కూడా వేయించు. ముందు మూత్రసంచి, మధ్యలో గర్భసంచి, వెనక పెద్దపేగు; కింద మూడు దారులు వేర్వేరుగా. మూత్రం దారి, నెలసరి దారి ఒకటే అనుకునే ఆడపిల్లలకు నేను పాఠం చెప్పాను. వాళ్ళలో ఇద్దరు డిగ్రీ చదువుతున్నారు అప్పటికి.

పెన్సిల్ గుర్తులున్న కాపీ రేపు పోస్టులో వేస్తాను. మగవాళ్ళ భాగం, ఆపరేషన్ల భాగం కొత్తగా రాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం. ఫోన్ చేస్తే మధ్యాహ్నం మూడు దాటాక చేయి, అప్పటిదాకా మనవరాలి బడి హడావుడి.

ఇట్లు,
మీ టీచరమ్మ