అత్తమ్మ లంబాడీ, మేము తెలుగు... పాపకు మాటలు ఆలస్యమవుతాయా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర తండా. మేమిద్దరం టౌన్లో పనికి పోతాం, పాపను పగలంతా అత్తమ్మ చూసుకుంటుంది. ఆమెకు లంబాడీ తప్ప రాదు, మేము రాత్రి తెలుగులో మాట్లాడతాం. పాపకు 22 నెలలు, తెలుగు మాటలు లెక్కపెడితే పాతిక కూడా లేవు. నన్ను ‘యాడి’ (అమ్మ) అంటుంది, నీళ్ళు కావాలంటే ఒకసారి ‘పాణి’, ఒకసారి ‘నీళ్ళు’. అత్తమ్మను లంబాడీ మానేయమని, టీవీలో ఇంగ్లిష్ రైమ్స్ పెట్టమని మా ఆడబిడ్డ పోరు పెడుతోంది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు మళ్ళీ లెక్కపెట్టండి, ఈసారి లంబాడీ మాటలు కూడా కలిపి. యాడి ఒకటి, పాణి ఒకటి, నీళ్ళు ఇంకొకటి. అత్తమ్మను కూర్చోబెట్టి అడిగితే మీరెప్పుడూ వినని మాటలు ఎన్ని బయటపడతాయో చూడండి. రెండేళ్ళు నిండేసరికి రెండు భాషల్లో కలిపి యాభై మాటల దాకా వచ్చి, ‘పాలు కావాలి’ లాగా రెండు మాటలు కలపడం మొదలుపెడితే చాలు. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు, ఒకే వాక్యంలో రెండూ కలిపేసినా అది తికమక కాదు, ఆ క్షణానికి దొరికిన మాట వాడుకోవడమే.

టీవీ సంగతి. 2003లో అమెరికాలో పరిశోధకురాలు ప్యాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల పిల్లలకు చైనా వాళ్ళ మాండరిన్ వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే 12 సార్లకే ఆ భాషలోని శబ్దాల తేడా పట్టుకున్నారు, అవే మాటలు టీవీలో విన్న పిల్లలకు మాత్రం ఏమీ అబ్బలేదు. అత్తమ్మ బత్తాయి తొక్క తీస్తూ మాట్లాడుతుంటే పాప ఆమె చేతినీ మొహాన్నీ చూస్తుంది, ఒక తొన చేతిలో పెట్టి పేరు చెబితే ఆ వాసనతో పాటే మాట కూడా పట్టేస్తుంది, తను ఏదో అంటే ఆమె తిరిగి జవాబిస్తుంది. ఇదేదీ రైమ్స్ చేయలేదు. ఆమెకు రాని భాషలో మాట్లాడమంటే ఆమె నోరే కట్టేసినట్టు, పాపకు రోజంతా వినే కబుర్లే పోతాయి. దయచేసి ఆ పని చేయకండి. ఇంగ్లిష్ బడిలో నేర్చుకుంటుంది, దానికి టెన్షన్ వద్దు.

మీరు చూడాల్సింది వేరే ఉంది. వెనక నుంచి మెల్లగా పిలిస్తే తిరుగుతుందా? సైగ చేయకుండా ‘బంతి తే’ అంటే ఏ ఒక్క భాషలోనైనా అర్థమవుతుందా? వీటికి జవాబు ‘లేదు’ అయినా, రెండేళ్ళు నిండాక కూడా మాటలు కలపకపోయినా, వచ్చిన మాటలు పోతున్నా, ‘రెండు భాషలు కదా, లేటవుతుందిలే’ అని ఎవరన్నా వినకుండా జిల్లా ఆసుపత్రిలో వినికిడి పరీక్ష చేయించండి. అంగన్‌వాడీకి పిల్లల్ని చూడడానికి ఆర్‌బీఎస్‌కే (ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం) డాక్టర్లు వస్తారు, వాళ్ళకూ చూపించండి. చెవి కారుతుంటే మాత్రం రెండేళ్ళ దాకా ఆగొద్దు, ఈ వారమే తీసుకుపోండి.